నా చుండ్రు, నా కూతురి మచ్చలు

అప్పుడు మా దివ్య స్కూల్లో చదువుతోంది. ఆ వారం దానికి గొంతునొప్పి, జ్వరం. మామూలు జలుబేలే అని వేడినీళ్లు తాగించి ఊరుకున్నాను. జ్వరం తగ్గాక ఓ పొద్దున యూనిఫాం వేసుకుంటూ, "అమ్మా, ఇదేందో చూడు" అని చొక్కా ఎత్తింది. పొట్ట మీదా వీపు మీదా చినుకులు పడ్డట్టు ఎర్రటి మచ్చలు.

మా అత్త చూడగానే చెంపలేసుకుంది. "అమ్మవారు పోసిందే! మందూ మాకూ వద్దు, యాడికీ పంపొద్దు." అరియాంకుప్పంలో మా ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు. గుమ్మానికి వేపాకు కట్టి, పిల్లను చాప మీద పడుకోబెట్టాం. తలకు నీళ్లు పోసిన రోజు వేపాకు, పసుపు నూరి నేనే ఒళ్లంతా గట్టిగా రుద్దాను. మచ్చలు పోలేదు సరికదా, రుద్దిన చోటల్లా కొత్తవి లేచాయి.

అప్పుడు బస్సెక్కి టౌన్‌లో ఆసుపత్రికి వెళ్లాం. స్కిన్ డాక్టరమ్మది నెల్లూరు. గొంతులో దూదిపుల్ల తిప్పి థ్రోట్ స్వాబ్ తీయించారు, మచ్చ దగ్గర చిన్న చర్మం ముక్క తీసి బయాప్సీ చేశారు. రిపోర్టులు వచ్చాక, "ఇది అమ్మవారు కాదమ్మా, గట్టేట్ సొరియాసిస్ అని, చినుకుల్లా మచ్చలు లేచే చర్మ జబ్బు. ఎవరికీ అంటుకోదు" అన్నారు.

"ఇమ్యూనిటీ తక్కువై వచ్చిందా మేడం?"

"తక్కువై కాదు. గొంతులో బ్యాక్టీరియా మీద పోరాడాల్సిన టి-సెల్స్, అంటే ఒంటిని కాపాడే కణాలు, దారి తప్పి చర్మం మీద పడ్డాయి. గొంతునొప్పి అందరికీ వస్తుంది, ఇది అందరికీ రాదు. జీన్స్‌లో ఆ గుణం ఉండాలి. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

లేదన్నాను. ఆమె నా చెవి వెనకాల పొట్టు చూసి, లేచి వచ్చి నా జుట్టు పాయలు తీశారు.

"చుండ్రండీ. పెళ్లికి ముందు నుంచీ ఉంది."

"చుండ్రు కాదు. ఇదీ సొరియాసిసే."

దివ్య నావైపే చూస్తోంది. ఆ గుణం ఇచ్చింది నేను. పుండు మీద కారం చల్లినట్టు రుద్ది పెంచిందీ నేనే. ఇక అత్తను ఏమని ఏం లాభం?

యాంటీబయాటిక్, ఆయింట్‌మెంట్, వారం వారం ఒంటి మీద లైటు పెట్టే ఫోటోథెరపీ. మచ్చలు మాయమయ్యాయని సంతోషించేలోగా వానల్లో మళ్లీ గొంతునొప్పి, మళ్లీ మచ్చలు. దివ్య ఆటలు మానేసింది. "అంతా నీ వల్లే" అని ఒకసారి అరిచింది. తర్వాత ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ మాట డాక్టరమ్మకు చెప్పాను. ఆమె, "జీన్స్ మీరు ఏరి ఇచ్చినవి కాదమ్మా" అన్నారు. ఆ మాట బుర్రకు ఎక్కింది గానీ తప్పు నాదేనన్న బాధ ఇప్పటికీ తగ్గలేదు.

ఇప్పుడు దివ్య ఒళ్లు దాదాపు శుభ్రంగా ఉంది, కాలేజీకి పోతోంది. గొంతు గరగరమంటే చాలు, ఆ రోజే డాక్టరుకు చూపిస్తాం. మొన్న నా తలకు మందు రాస్తూ అంది: "ఇన్నేళ్లు నువ్వూ ఊరికే గోక్కుంటా ఉండావు గదమ్మా, పావం. నీకెవురూ చూపించలా." నేనూ రోగినేనన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టలేదు. ఏడుపు ఆగలేదు.

మీ తలలోనో మోచేతుల మీదో ఏళ్లుగా పోని పొట్టు ఉంటే ఒకసారి స్కిన్ డాక్టరుకు చూపించండి. రేపు పిల్లలకు మచ్చలొచ్చి, ఇంట్లో ఎవరికైనా ఉందా అని డాక్టరు అడిగితే చెప్పడానికి పనికొస్తుంది. అంతకంటే ముందు, ఆ మందు మీకే కావాలి.