అక్క కారుకు మైలేజీ పరీక్ష

మా అక్క కారు గురించి మాట్లాడేటప్పుడు బాపు దాన్ని ఒక యంత్రంగా ఎన్నడూ భావించలేదు. తాగుడు మరిగిన అల్లుడి గురించి ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడేవాడు. శనివారం సాయంత్రం ఆమె భూపాలపల్లి నుంచి జనగామ వచ్చి ఇంటి ముందు బండి ఆపగానే, దుకాణం గల్లా దగ్గరి నుంచి లేవకుండానే, "ఇయ్యాల ఎంత తాగింది?" అని అడిగేవాడు. ప్రయాణం ఎలా సాగిందన్న ప్రశ్న ఆ తర్వాత వచ్చేది. కొన్ని వారాలు అసలు వచ్చేదే కాదు.

బాపుది కిరాణా సరుకుల హోల్‌సేల్ వ్యాపారం. అక్క భూపాలపల్లి దవాఖానలో నర్సు. కారు ఆమె తన జీతంతో సెకండ్‌హ్యాండులో కొనుక్కున్నది. చూపుకు చిన్నదే, కానీ లోపల టర్బో ఇంజను, వెనుక రెండు పొగ గొట్టాలు, నేలకు ఆనుకున్నట్టుండే నడుము. పొట్టిగా ఉండి తాలింఖానాలో కసరత్తు చేస్తూ పెరిగిన మనిషిలా ఉండేది. దాని పరుగును ఇంట్లో ఎవరూ తప్పుపట్టలేదు, ఎందుకంటే ఆ పరుగును అక్క తప్ప ఎవరూ చూడలేదు. దాని దాహం మాత్రం అందరికీ తెలుసు.

నేను అప్పుడే హనుమకొండలో డిగ్రీ ముగించుకొని ఇంటికి వచ్చి ఉన్నాను. చదువుకన్నా శ్రద్ధగా నేను అభ్యసించింది కాలేజీ వక్తృత్వ పోటీలను. ఏ మాటనైనా నిర్వచనం లేకుండా వదిలిపెట్టకూడదని, ఎదుటి పక్షం చెప్పినదాన్ని పూర్తిగా విన్నాకే ఖండించాలని అక్కడ నేర్చుకున్నాను. ఈ రెండు అలవాట్లతో ఇంట్లో భోజనానికి కూర్చునేవాడు ఎంత ఇబ్బందికరంగా ఉంటాడో మా అమ్మను అడిగితే చెబుతుంది.

ఆ ఎండాకాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాల దగ్గర బాపు తన ప్రతిపాదన బయటపెట్టాడు. మా మేనమామ దగ్గర ఒక డీజిల్ కారు ఉన్నది. అది ఉదయం పూట గొంతు సవరించుకొని గాని మేలుకోదు, కానీ తక్కువ తాగుతుంది. మామకేమో అక్క బండి మీద మోజు. బండికి బండి మార్చుకుంటే సరిపోతుందన్నాడు బాపు. అన్నం కలుపుతున్న అక్క చెయ్యి ఆగింది.

నేను జోక్యం చేసుకున్నాను. 'ఎక్కువ తాగుతుంది' అనే ఆరోపణలో 'ఎక్కువ' అంటే దేనితో పోల్చి, ఏ దారిలో, ఏ కొలతతో అని అడిగాను. బాపు కాసేపు నన్ను చూసి, మామ బండి జనగామ నుంచి మహబూబాబాద్ మీదుగా భూపాలపల్లి పోయినప్పుడు ఎంత ఇచ్చిందో చెప్పాడు. అంత మనది ఇవ్వనక్కర్లేదు, అదే దారిలో లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లు ఇస్తే తాను మళ్లీ ఆ మాట ఎత్తనన్నాడు. ఇవ్వకపోతే బండి మామ ఇంటికి పోతుంది. మహబూబాబాద్ మీదుగా పోవడం చుట్టుదారి అని అక్క గుర్తు చేసింది. కొలత ఆ దారిదే కాబట్టి పరీక్ష కూడా ఆ దారిలోనే జరగాలన్నాడు బాపు. తర్కం నిర్దుష్టంగా ఉన్నదని నేనే ఒప్పుకున్నాను.

అక్క "సరే" అన్నది. మాది వ్యాపారస్తుల ఇల్లు. నోటితో అన్న 'సరే'కు సంతకం అక్కర లేదు, వెనక్కి తీసుకునే వీలూ లేదు. న్యాయనిర్ణేతగా నన్ను ఇద్దరూ ఒప్పుకున్నారు. నియమాలు నేనే చెప్పాను. కారులో మేమిద్దరం తప్ప మూడో మనిషి ఉండకూడదు. అదనపు బరువు ఉండకూడదు. జనగామ బంకులో ట్యాంకు నిండా పోయించి, భూపాలపల్లి బంకులో మళ్లీ నిండా పోయించి, పట్టినదాన్ని బట్టి లెక్క కట్టాలి. కారు ముందు అద్దం కింద వెలిగే మైలేజీ అంకెను నేను అంగీకరించలేదు. అది తన గురించి తానే సాక్ష్యం చెప్పుకుంటున్నది కదా.

సాయంత్రమంతా బండిని తేలిక చేయడంలో గడిచింది. పాత యజమాని డిక్కీలో బిగించిన స్పీకరు పెట్టెను విప్పించాను. కాళ్ల కింది రబ్బరు పట్టాలు తీసేశాను. స్టెప్నీ చక్రాన్ని కూడా తీద్దామంటే అక్క ఒప్పుకోలేదు. పంచరైతే నా సిద్ధాంతాన్ని చక్రంగా బిగించుకుంటామా అని అడిగింది. టైర్లలో గాలి సరిచూపించాను. సోమవారం తెల్లవారాక, బయలుదేరే ముందు, డిక్కీలో ఒక మూలన ఇరుక్కుపోయిన గొడుగు కనిపిస్తే దాన్ని కూడా లాగి అమ్మ చేతికిచ్చాను.

దారి పొడవునా అక్కకు పాఠం చెబుతూ కూర్చున్నాను. ఇంజనును అరవనివ్వకుండా త్వరగా పై గేరుకు మారాలి. ముందు బ్రేకు అవసరం పడేలా ఉంటే దూరం నుంచే కాలు తీసేయాలి. ఒకే వేగంలో సాగాలి. ఏసీ వద్దు; వేగంలో అద్దాలు దించితే గాలి అడ్డుపడుతుంది గనుక అవీ వద్దు. అక్క ప్రతిదీ పాటించింది. కోతలు అయిపోయిన రోజులు కావడంతో కొడకండ్ల దాకా రోడ్డులో సగం వడ్లు ఆరబోసి ఉన్నాయి. మిగిలిన సగంలో మమ్మల్ని ఒక ట్రాక్టరు దాటిపోయింది. ఆ తర్వాత ఒక ఆటో దాటింది. ఆటోలో వెనక్కి తిరిగి కూర్చున్న ఒక అవ్వ, బండి చెడిపోయిందేమోనన్న జాలితో, మేం కనుమరుగయ్యేదాకా మమ్మల్నే చూసింది.

"గీ బండిని ఇంత మెల్లగ నడిపిన మనిషి లోకంల లేడురా" అన్నది అక్క. "గీ అవమానం కూడ నీ లెక్కల రాసుకో."

పెద్దవంగర దగ్గర ఒక స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగినప్పుడు వెనుక నుంచి దబ్బుమని చప్పుడైంది. ఏమిటదని అడిగాను. బెల్లం అన్నది అక్క, అందులో విశేషమేమీ లేనట్టుగా.

నిజానికి అందులో మాకు విశేషమేమీ లేదు. మా ఇంటి నుంచి ఏ బండీ ఖాళీగా కదలదు. పెళ్లికి పోయినా, పరామర్శకు పోయినా, దారిలో ఉన్న ఏదో ఒక దుకాణానికి చేరవలసిన సరుకు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నేను వక్తృత్వ పోటీలకు బస్సులో పోయిన రోజుల్లో కూడా ఒక చేతిలో ప్రసంగం కాగితాలు, మరో చేతిలో చింతపండు సంచి ఉండేవి. ఒకసారి గెలిచిన కప్పులో ఏలకులు పోసుకొని తిరిగివచ్చాను. ఆ ఉదయం గొడుగు తీయడానికి అడ్డంగా ఉన్న రెండు బెల్లం బస్తాలను పక్కకు జరిపింది నేనే. వాటిని చూశాను, పట్టుకున్నాను, ఆయాసపడ్డాను కూడా. అయినా గొడుగును బరువు అనుకున్న నేను బెల్లాన్ని బరువు అనుకోలేదు.

బాపుకు ఫోను చేశాను.

"డిక్కీల బెల్లం ఉన్నది బాపు."

"ఉంటది. మీ అత్తకిచ్చి పోండ్రి."

"అదనపు బరువు ఉండొద్దని మాటయింది గద."

"గది బరువెట్లయితదిరా? మన సరుకు గద." ఆయన గొంతులో కపటం లేదు. నిజమైన ఆశ్చర్యమే ఉన్నది. చుట్టుదారి ఎందుకు ఎన్నుకున్నాడో నాకప్పుడు అర్థమైంది. బహుశా ఆయనకు అప్పటికీ అర్థమై ఉండదు.

మహబూబాబాద్‌లో బాపుకు అక్క అయిన మా మేనత్త ఉంటుంది. వాళ్లదీ దుకాణమే. బెల్లం దిగగానే ఇక బండి తేలికైందని, మిగిలిన దారిలో పోయినదాన్ని కొంతైనా రాబట్టుకోవచ్చని నేను లెక్కలు వేసుకుంటూ మంచినీళ్లు తాగుతున్నాను. నీళ్లు తాగి బయటకు వచ్చేసరికి ఇద్దరు హమాలీలు ఒక పెద్ద ఎండుమిరప బస్తాను కారు దగ్గరికి మోసుకొస్తున్నారు. అది భూపాలపల్లిలో ఉన్న అత్త మరిది దుకాణానికి చేరాలట. డిక్కీలో పట్టలేదు. వెనుక సీటు మీద పడుకోబెట్టబోయారు.

నేను అత్తకు నియమాలు మొదటి నుంచి వివరించాను. ఆమె ఓపికగా విన్నది. మిరపకాయలకు బరువెక్కడిది, గాలి లెక్క ఉంటాయి అని నా మాటను ఖండించి, ఉత్త బండితో పోతే చూసినవాళ్లు ఏమనుకుంటారని ఎదురు ప్రశ్న వేసింది. సాయం కోసం అక్క వైపు చూశాను. అక్క ముందు సీటు జరిపి బస్తాకు చోటు చేసింది.

ఊరు దాటాక, ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. బండి పోతుందని తెలిసి కూడా ఎందుకన్నాను.

"వద్దంటే అత్త మొఖం చిన్నగయితది" అన్నది. కొంత దూరం పోయాక తనే మళ్లీ అందుకున్నది. "వార్డుల పొద్దంత ఎవలో ఒకలు పిలుస్తనే ఉంటర్రా. ఇంటికొస్తే బాపు పిలుస్తడు, అమ్మ పిలుస్తది. గీ స్టీరింగు కాడ ఒక్కదాన్నే ఉంట. ముందర లారీ ఉంటది, కాలు నొక్కుత, బండి ఎత్తుకుంటది, లారీ ఎనుకకు పోతది. నేను చెప్పిన మాట ఇననీకి గది ఒక్కటే ఉన్నదిరా. మామ బండి ఇంటదా?"

నియమాలు చెప్పినప్పుడు నేను ఈ పక్షాన్ని విననే లేదు.

నర్సంపేట దాటేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అద్దాలు మూసి ఉన్నాయి, ఏసీ లేదు, వెనుక సీటు మీద మిరపకాయలు వేడెక్కుతున్నాయి. మొదట నేను తుమ్మాను. తర్వాత అక్క తుమ్మింది. తర్వాత ఎవరు తుమ్ముతున్నారో చెప్పడం కష్టమైంది. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. అయినా నేను అద్దం మీట మీద చెయ్యి వేయలేదు. నియమం నా కోసం మారితే అది నియమం కాదని తుమ్ముల మధ్య చెప్పాను.

"నువ్వు నీ నియమం పట్టుకోరా. నేను ఊపిరి పట్టలేను" అని అక్క నాలుగు అద్దాలూ దించింది. అది మరింత ప్రమాదమైంది. లోపలికి దూసుకొచ్చిన గాలి బస్తా మూతిని కదిలించి, అందులోని దుమ్మునంతా లేపి మా ముఖాల మీద పోసింది. అద్దాలు ఎత్తింది. ఏసీని ఆఖరి మెట్టుకు తిప్పింది. సరిగ్గా అప్పుడే ముందు ఒక బొగ్గు లారీ, దాని వెనుక నల్లటి ధూళి. అక్క గేరు తగ్గించి కాలు నొక్కింది.

పొద్దుటి నుంచి జోకొట్టి పడుకోబెట్టిన బండి మేలుకున్నది. నా వీపు సీటుకు అతుక్కుపోయింది. లారీ పక్కనుంచి జారి వెనక్కి పోయింది, దాని ముందున్న ఇంకొకటీ పోయింది. అక్క ఏడుస్తున్నంతగా కళ్లు కారుతూ నవ్వుతున్నది. నేను ఆమెను ఆపలేదు. ఆ కాసేపు పద్నాలుగు అన్న అంకె ఉన్నదన్న సంగతే నాకు గుర్తు లేదు.

భూపాలపల్లి బంకులో పెట్రోలు పోసే ఆమె మా ఇద్దరి ఎర్రటి కళ్లు, తడిసిన చెంపలు చూసి గొంతు తగ్గించింది. "ఎవలు పోయిండ్రక్కా?"

"బండి పోయేటట్టున్నది" అన్నది అక్క.

ట్యాంకు నిండింది. ఫోనులో లెక్క కట్టాను. లీటరుకు పన్నెండు దాటలేదు. అక్కకు చూపించాను. ఆమె మామూలుగానే చూసింది. కొంగుతో స్టీరింగు మీద పడ్డ మిరప దుమ్మును తుడవడం మొదలుపెట్టింది, అప్పగించబోయే వస్తువును శుభ్రం చేసినట్టు. "బాపుకు చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు" అన్నది.

ఫోను స్పీకరులో పెట్టి ఉన్నదున్నట్టే చెప్పాను. అంకె చెప్పాను, దాని వెనుక బెల్లాన్ని, మిరపకాయలను, ఏసీని, రెండు బొగ్గు లారీలను వరుసగా చెప్పాను. ఏదీ దాచలేదు. ఏదీ వాదించలేదు కూడా. నా వక్తృత్వ జీవితంలో అంత పేలవమైన ప్రసంగం మరొకటి లేదు. అవతల దుకాణంలో ఎవరో పప్పు తూస్తున్న చప్పుడు వినిపించింది.

"మిరపకాయలు గూడ ఏసిందా మీ అత్త?" అన్నాడు బాపు.

"ఏసింది."

"పెద్ద బస్తానా?"

"ఎనుక సీటంత అదే."

పందెం ఆయన గెలిచాడు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. కానీ ఆయన తన జీవితమంతా తూకం వేసిన మనిషి.

"గట్లయితే గది తూకమే కాదురా" అన్నాడు. "తరాజుల చెయ్యి పెట్టి తూసినట్టయింది. అందుల నా చెయ్యి గూడ ఉన్నది. వచ్చే సోమవారం మల్ల చూద్దాం. ఖాళీ బండి పోవాలె, గంతే."

ఫోను స్పీకరులోనే ఉన్నది. అక్క తుడవడం ఆపింది.

వచ్చే సోమవారం పరీక్ష జరగలేదు. శనగపప్పు అత్యవసరంగా డోర్నకల్ చేరవలసి వచ్చింది; మహబూబాబాద్ దాకా ఎలాగూ పోతున్నారు గనుక అక్కడి నుంచి రైలెక్కించమన్నాడు బాపు. ఆ తర్వాతి వారం వాము, జీలకర్ర. వాటికి బరువు లేదని, కాని నియమం నియమమేనని ఆయనే నాకు గుర్తు చేసి ఆ వారాన్ని కొట్టివేశాడు. ఒక వారం డిక్కీ నిజంగానే ఖాళీగా ఉంటే, ఆఖరి నిమిషంలో మా అమ్మ ముందు సీటులో కూర్చున్నది, మహబూబాబాద్‌లోని ఆడబిడ్డను చూసి చాలా రోజులైందని. మామ అప్పుడప్పుడు ఫోను చేసి ఏమైందని అడుగుతాడు. పరీక్ష ఇంకా కాలేదని బాపు గంభీరంగా చెబుతాడు. అందులో అబద్ధం లేదు.

న్యాయనిర్ణేతగా ఈ జాప్యాన్ని నేను చాలాసార్లు ఆక్షేపించాను. తీర్పు లేని విచారణ విచారణే కాదన్నాను. బాపు ప్రతిసారీ పూర్తిగా ఏకీభవించాడు. ఈమధ్య శనివారాల్లో అక్క వచ్చినప్పుడు ముందు ప్రయాణం ఎట్లున్నదని అడుగుతున్నాడు. తాగుడు ప్రస్తావన ఆ తర్వాత వస్తున్నది.

మొన్నటి సోమవారం కూడా పొద్దున్నే టైర్లలో గాలి చూసుకొని, ట్యాంకు నింపించి, ఫోనులో కిలోమీటర్ల అంకె రాసుకొని ఇంటి ముందుకు వచ్చాను. అక్క అప్పటికే ఇంజను ఆన్ చేసి కూర్చున్నది. బాపు డిక్కీ దగ్గర నిలబడి, లోపల పట్టని కందిపప్పు బస్తాను మోకాలితో లోపలికి నెడుతున్నాడు. నన్ను చూసి తలుపు గట్టిగా మూసి, చేతులు దులుపుకున్నాడు.

"ఇయ్యాల్టిది లెక్కల పట్టకురా" అన్నాడు.