గొట్టంలో రంగుల నూగు

వరంగల్ బజారులో మా నూలు జంపఖానాల దుకాణం మీదే మా ఇల్లు. కింద వ్యాపారం, పైన కాపురం. కిందటేడు దుకాణానికి పెద్ద ఏసీ పెట్టించినప్పుడు మా ఆయన అదే చల్లగాలిని రేకు గొట్టం గుండా పైన పడకగదికీ ఎక్కించారు. చుట్టాలు ఎవరొచ్చినా ముందు ఆ గొట్టాన్నే చూపేవారు.

కొన్నాళ్లకు మా పాపకు దగ్గు పట్టుకుంది. డోర్నకల్‌లో మా అమ్మ దగ్గర ఉంటే తగ్గేది, ఇంటికి రాగానే మళ్లీ మొదలు. డాక్టరు మందు రాసి, దుమ్ముకు దూరంగా ఉంచమన్నారు. నేనేమో గదంతా రోజూ తడిగుడ్డతో తుడుస్తూనే ఉన్నాను. ఇంకా దుమ్మెక్కడిది?

"పిల్లకు ఈడి నీళ్లు పడ్తలేవు. జూన్ల డోర్నకల్ బడిలనే ఎయ్యిండ్రి. పానం కంటె ఎక్కువనా?" అని మా అత్తమ్మ తేల్చేసింది. మా ఆయన తలూపారు. పాప బట్టలు సర్దడానికి నాకు చేతులాడలేదు.

బడిలో నేను చదివింది పదో తరగతి వరకే. మిగతా చదువంతా లైబ్రరీదే. ఆ మధ్యాహ్నం అక్కడే ఊపిరితిత్తుల గురించిన పుస్తకం, ఏసీల గురించిన పుస్తకం పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. రెండో దానిలో ఒక బొమ్మ ఉంది. గదిలోని గాలినే ఏసీ ఒక పక్క పీల్చి, చల్లబరిచి, ఇంకో పక్క వదులుతుందట. బొమ్మ మీద పెట్టిన వేలు తియ్యలేకపోయాను. మా ఏసీ గాలి పీల్చే జాలీ ఎక్కడుంది? గద్దె పక్కనే! గిరాకీ ముందు జంపఖానాను విప్పి, పట్‌మని దులిపి పరిచేది అక్కడే! ఆ చప్పుడు వింటేనే నేత గట్టిదని మా బజారు నమ్మకం.

ఆటో కోసం కూడా ఆగలేదు. ఒగరుస్తూ ఇంటికొచ్చి, ఏసీ ఆపించి, మా ఆయన్ను పైకి పిలిచాను.

"జర నిచ్చెన పట్టుకోండ్రి."

"ఏందే, లైబ్రరీల ఏసీ మెకానిక్ కోర్సు గిట్ల పెట్టిన్రా?"

"పెట్టిన్రు. నేనే ఫస్టు. పట్టుకోండ్రి!"

ముక్కుకు కొంగు కట్టుకుని పడకగది జాలీ మరలు విప్పాను. లోపల చెయ్యి పెడితే మెత్తగా తగిలింది. లాగితే నూగు చాపలా చుట్టుకుని వచ్చింది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ! మేము దులిపి అమ్మిన జంపఖానాల రంగులన్నీ అందులో ఉన్నాయి! నేను కేక పెట్టాను.

మా ఆయన నవ్వు ఆగిపోయింది. "ఇదంత బిడ్డ పీలుస్తాందా?"

కేక విని అత్తమ్మ పైకొచ్చింది. నూగు పీలికను వేళ్ల మధ్య నలిపి చూసి, "మన నూలే," అని మంచం మీద కూలబడింది.

మర్నాడే మెకానిక్ వచ్చి, ఏసీలో చిరిగిపోయిన ఫిల్టరు మార్చి, మా గదికి వచ్చే గొట్టాన్ని కోసి మూసేశాడు. దులపడం పెరట్లోకి మారింది. గద్దె మీద ఎవరి చెయ్యి లేచినా "ఆగు!" అని అరిచే పని అత్తమ్మ తీసుకుంది. పాప దగ్గు మెల్లమెల్లగా తగ్గింది, డాక్టరు మందూ తగ్గించారు.

జూన్‌లో పాపను మా వీధి బడిలోనే వేశాం. గంట కొట్టాక కూడా అత్తమ్మ గేటు వదల్లేదు.

"పా అత్తమ్మ, దుకాణం తెరవాలె."

"నువ్వు పో. నేను జరసేపు చూసొస్త."