మా గద్దెకు నేను రాసిన చరిత్ర

ఆ రోజుల్లో మా నిజామాబాద్ గ్రంథాలయంలో నేను చదవని అలమారా ఒక్కటే మిగిలింది, అదీ దాని తాళంచెవి పోయింది కాబట్టి. డిగ్రీ తప్పి ఖాళీగా ఉన్నవాణ్ణి, పొద్దున తలుపులు తెరిచేసరికే మెట్ల మీద కూర్చుని ఉండేవాణ్ణి. చదివింది కడుపులో దాచుకునే అలవాటు లేదు. చాయ్ తాగేవాడికి చాయ్ చరిత్ర, క్షౌరం చేయించుకునేవాడికి కత్తెర చరిత్ర చెప్పేవాణ్ణి. మా వాడలో నన్ను 'కితాబు' అనేవారు. (అది పొగడ్తేనని చాలాకాలం నమ్మాను.)

మా వాడలో మూడు గల్లీలు కలిసే చౌక్‌లో ఒక రాతి గద్దె ఉంది. సరిగ్గా నడుమ కాదు, ఓ మూలకు జరిగి ఉంటుంది. మా అవ్వ (అమ్మను మేం అలాగే పిలుస్తాం), ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని పగలంతా దాని మీదే బీడీలు చుట్టేవారు. ఇళ్లలో వెలుతురు చాలదు. అలాంటి గద్దెను తీసేసి నడుమ ఫౌంటెన్ కడతామని మునిసిపాలిటీవాళ్లు చెప్పిపోయారు. ఆడవాళ్లు మండిపడ్డారు. నేను మాత్రం లోలోపల సంతోషించాను, నా చదువు పనికొచ్చే రోజు వచ్చిందని. పురాతనమైనదంటే కూల్చరు కదా అని, ఒక పుస్తకంలో ఇలాంటి గద్దె బొమ్మ చూసి నాలుగు పేజీల అర్జీ రాశాను. వెనకటి రాజులు దీని మీద నిలబెట్టి దండోరా వేయించారన్నాను. మరి మూలకెందుకు ఉందంటే, రాజుగారి గుర్రపుబగ్గీ తిరగాలి కదా!

టేపు పట్టుకుని ఇంజనీరు సారు వచ్చిన రోజు, ఆయన చేతికి ఒక ప్రతి ఇచ్చి, ఇంకోటి గొంతెత్తి చదివాను. రెండో పేజీలోనే మా అవ్వ తలెత్తింది.

"ఏ రాజురా? నువ్వు నా కడుపుల ఉన్నప్పుడు మేమే కట్టినం గద. మురికి మోరీకాడ తీసేసిన బండలు మోసి నడుములు వోయినయ్."

"రాజు గాదు, నీ అవ్వనే రాణి!" అని పక్కింటి అక్క పకపకా నవ్వింది.

సారు అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అంటే పాతది గాదన్నట్టే గద తమ్మీ? ఇగ తీసేయొచ్చు."

గద్దెను కాపాడబోయి నేనే కూల్చాను. అవ్వకు మాత్రం అప్పుడొచ్చింది కోపం. "రాజు కడ్తెనే ఉంచుతవా సారూ? మేం కడ్తె లెక్కల రాదా? లేస్తలేం, ఏం జేస్తవో జేస్కో. తడి ఆకు ఎండితె ఖరాబైతది. సగం కట్టల ఉన్నం."

సారు టేపు దించేశాడు. బోధన్ దగ్గర వాళ్ల అమ్మ కూడా బీడీలే చుట్టిందట. ఇరవై ఐదు బీడీల కట్ట ముగియకుండా మనిషిని లేపకూడదని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. "సరే అమ్మా, అందరి కట్టలు అయినంక మార్కు జేస్త" అన్నాడు.

అవ్వ నా ఒళ్లో ఒక చాట పడేసింది. "చదివింది చాలు గని, చుట్టు."

చుట్టాను. ఒకటి విచ్చుకుంది, ఇంకోటి కొసన పగిలింది. "గిది బీడీయా, పిట్టగూడా?" అని అవ్వ ప్రతిదీ విప్పి వెనక్కి వేసేది. ఆడవాళ్ల కట్టలన్నీ అయ్యాయి. నావి మాత్రం పదకొండు. మధ్యాహ్నం దాటి పొద్దు వాలింది. నియమం నియమమే, సారు గట్టిగా అడగనూ లేడు, పోనూ లేడు. చివరికి ఓపిక పోయి, "ఇటియ్యి తమ్మీ!" అని చాట లాక్కుని గద్దె మీద కూర్చున్నాడు. చకచకా నాలుగు చుట్టి, తలెత్తి అటూ ఇటూ చూశాడు.

"ఏందమ్మా, గీడికెల్లి అన్ని ఇండ్లు కనవడ్తున్నయ్?"

"మరి? మూడు గల్లీల తలుపులు, నల్లా, బడికెల్లి వచ్చే పిల్లలు. చేతులు ఆగొద్దు, కండ్లు ఇంటిమీదుండాలె. అందుకే గీ మూలకు కట్టినం" అంది అవ్వ.

రాజుగారి బగ్గీ నాలో నాలుగు చక్రాలూ ఊడి పడిపోయింది. ఏ అలమారాలోనూ ఆ ముక్క లేదు. సారు నా కట్ట పూర్తి చేసి, దారం చుట్టి, తన ప్లాను నక్షాలో ఫౌంటెన్ బొమ్మ మీద అడ్డగీత గీసేశాడు.

గద్దె ఇప్పటికీ ఉంది. అవ్వ లేదు. ఈమధ్య మునిసిపాలిటీవాళ్లు దానికొక బోర్డు పెట్టారు: 'పురాతన రాజగద్దె.' దండోరా, బగ్గీ, అన్నీ ఉన్నాయి. మార్చమని వెళితే ఆధారం చూపమన్నారు. వాళ్ల ఫైల్లో ఉన్న ఆధారం నా అర్జీయే! అందుకే బోర్డు కింద సుద్దముక్కతో రాస్తాను: 'ఇది బీడీల ఆడవాళ్లు కట్టింది.' వాన కడిగేస్తుంది. మళ్లీ రాస్తాను.

మొన్న రాస్తుంటే ఒక కాలేజీ పిల్ల ఆపింది. "అంకుల్, చరిత్రను ఖరాబ్ జెయ్యకుండ్రి. నేను చదివిన." చంకలో గ్రంథాలయం పుస్తకం ఉంది. కోపం రాలేదు, నవ్వొచ్చింది. గద్దె మీద కూర్చుని, పక్కకు జరిగి చోటిచ్చాను.

"గీడ కూసో బిడ్డా. ముందుగాల ఏమేం కనవడ్తున్నయో చెప్పు."