ఉయ్యాలల పక్క చెట్లు

ఖతర్ ఎడారిలో ఇంకా పచ్చదనం మిగిలిందంటే అది మా తాత గంగరాజం చేతి చలవే. ఆయన పైపు కింద పెడితే సముద్రం కూడా ఎండిపోతుంది. జగిత్యాల నుంచి వెళ్లి, అల్ వక్రాలో పాత మట్టికోట పక్కనున్న పార్కులో పన్నెండేళ్లుగా చెట్లకు నీళ్లు పెడుతున్నాడు.

ఈ వేసవికి ఆ పార్కు బడ్జెట్ తగ్గించారు. ఇకపై సగం చెట్లకే నీళ్లు. మిగతా సగానికి ఎర్ర రిబ్బన్ కట్టమని సూపర్‌వైజర్ తాతకే పురమాయించాడు. తాను నాటిన చెట్లలో చావాల్సినవాటిని తానే ఏరడానికి తాతకు మనసొప్పలేదు. రోజంతా తిరిగి ఒక్కదానికే కట్టాడు. అది సూపర్‌వైజర్ కారుకు నీడనిచ్చే వేప.

తాత ఉండే కూలీల క్యాంపంతా పగలబడి నవ్వింది. సూపర్‌వైజర్ మాత్రం నవ్వలేదు. ఆ రిబ్బన్ విప్పేసి, పిల్లల ఉయ్యాలల చుట్టూ ఉన్న చెట్లన్నిటికీ తనే కట్టాడు. రెండు నెలల్లో అవి ఎండిపోయాయి. "యల్లా గంగరాజం, కాటో" అంటూ, వాటిని కొయ్యమని రంపం కూడా తాత చేతికే ఇచ్చాడు.

తాత గురించి రాస్తానని ఫోన్‌లో ఇదంతా రాబట్టాక, నా నోరు ఊరుకోలేదు.

"నువ్వే చూసి కట్టుంటే ఉయ్యాలల కాడి చెట్లన్న బతికేటియి గద తాతా?"

"బతుకుతుండె. నా ఎకసెక్కానికి అవి సచ్చినయ్. గది గూడ రాయి."