కళ తప్పిన మొహాలు, మెరిసిన గిన్నె

మొన్న దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దగ్గర కొత్తగా తెరిచిన ఇత్తడి సామాను కొట్టుకు మా అమ్మాయి నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. పొగచూరినట్టు నల్లగా ఉన్న గిన్నెలు కొన్నింటిని అద్దాల బీరువాలో పెట్టి, పైన దీపాలు వేసి మరీ చూపిస్తున్నారు. యాంటిక్ ఫినిష్ అంటారట, తళతళలాడేవాటికంటే వీటికే ఖరీదెక్కువట. ఈ సంగతి ముందే తెలిస్తే మా తరం ఆడవాళ్లం చింతపండుతో చేతులు పాడుచేసుకునేవాళ్లమే కాదని నవ్వాను గానీ, అమ్మాయి ఒక గిన్నె నా చేతికివ్వబోతే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. నలభై ఏళ్లు దాటినా ఇత్తడి గిన్నె చూస్తే నా కళ్లు ముందు దాని లోపలికే పోతాయి.

కళ తప్పడం అనే మాట మీ ఇళ్లలోనూ వినే ఉంటారు. మా అమ్మకైతే అది ఊతపదం. ఉతికి ఉతికి వెలిసిపోయిన చీరకు కళ తప్పింది, చిమ్నీ మసిబారిన లాంతరుకు కళ తప్పింది, పెళ్లివారు వెళ్లిపోయిన మర్నాడు ఇంటికి కళ తప్పింది, పరీక్ష తప్పిన పక్కింటి అబ్బాయి మొహానికీ కళే తప్పింది. అయితే నాకు తొమ్మిదో ఏడు వచ్చినప్పుడు, మా పెద్ద మామయ్య మా ఊరు వచ్చి వెళుతుంటే, అమ్మ ఆయన్ని సాగనంపి గుమ్మంలోనే నిలబడి, అన్నయ్య మొహంలో కళ తప్పిందేమిటని నాన్నతో అంది. నెల తిరక్కుండా ఆయన పోయాడని టెలిగ్రాం వచ్చింది. ఆ రోజునుంచీ ఆ మాట చీర గురించి అన్నా సరే నా గుండె దడదడలాడేది. కళ తప్పితే మనిషి చచ్చిపోతాడని, ముందు కళ పోతుందని, వెనకే ప్రాణం పోతుందని నా లెక్క. ఎవరితోనూ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం.

నాన్నకు ఈ ఊళ్లో ఉద్యోగమై కృష్ణా జిల్లా నుంచి మేం ముగ్గురం లారీలో సామానుతో దిగింది ఆ మరుసటి ఏడే, ఎనభైల మొదట్లో. దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్‌బీ నగర్ వైపు ద్రాక్షతోటలు కొట్టేసి ప్లాట్లు వేస్తున్న రోజులవి. ఎటు చూసినా ఇసుక కుప్పలు, ఇటుకల దొంతరలు, సగం లేచిన గోడలు. పొద్దున తుడిచిన గుమ్మం మీద మధ్యాహ్నానికల్లా సిమెంటు దుమ్ము పేరుకునేది. తోట అమ్ముకుని ఇల్లు కట్టుకున్న ఒక రైతు కుటుంబం ముందువైపు రెండు గదులు మాకు కిరాయికిచ్చింది. ఆ ఇంటాయన తల్లిని కాలనీ అంతా అవ్వ అనేది, నేనూ అవ్వా అనే పిలిచేదాన్ని. మా అమ్మ మాట్లాడే తీరు విని ఆవిడ, ఆవిడ మాట్లాడే తీరు విని మా అమ్మ నవ్వుకునేవాళ్లు గానీ, ఆవకాయ జాడీలు మాత్రం ఇటూ అటూ తిరుగుతూనే ఉండేవి.

వచ్చిన నాలుగు నెలలకు అమ్మకు టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలు మంచం దిగలేదు. ఒకరోజు కుళాయి దగ్గర బిందె పెట్టి నిలబడ్డాను. అవ్వ నా పక్కకు వచ్చి మెల్లగా అంది.

"మీ అమ్మ మొఖంల కళ తప్పింది బిడ్డా. జర మంచిగ సూస్కోండ్రి."

బిందె నిండి నీళ్లు పాదాల మీదుగా పోతున్నా నేను కదల్లేదు. అంటే ఇక నెలే. ఇంటికి వచ్చి అమ్మ మొహం చూశాను. నిజంగానే మామయ్య మొహంలాగే ఉంది. అమ్మ కళ్లు తెరిచి, అల్మరాలో వరసగా ఉన్న సామాను వైపు చూసి, దుమ్ముపట్టి ఇత్తడంతా కళ తప్పిందే అని నీరసంగా అంది. నాకు అక్కడ దారి దొరికింది. అమ్మ మొహం నేను తోమలేను, గిన్నెలు తోమగలను. ఇంట్లో ఒక్కొక్కదానికీ కళ తెప్పిస్తే అమ్మకూ అదే వస్తుందనుకున్నాను. పదేళ్ల పిల్ల భయపడితే ఎంత దూరం ఆలోచిస్తుందో అంతే ఆలోచించాను.

రెండు మధ్యాహ్నాలు అమ్మ నిద్రపోయే వేళ పెరట్లో కూర్చుని చింతపండు, ఇటుక పొడి, పక్క ప్లాటులో కుప్పపోసిన ఇసుకా పెట్టి తోమాను. అమ్మమ్మ ఇచ్చిన పెద్ద గిన్నె బయట బంగారంలా మెరిసింది. లోపల మాత్రం బూడిదరంగులో మసకగా ఉంది. అసలు కళ తప్పింది అక్కడేనని, వేళ్ల చర్మం లేచేదాకా రుద్దితే అక్కడా పసుపు తేలింది. మీకు తెలుసు, అది మురికి కాదు, కళాయి. పులుపు ఇత్తడిని తాకకుండా అడ్డం వేసిన తగరం పూత. అప్పటికే పల్చబడిన ఆ పూతను నా చేతులతో నేను ఊడ్చేశాను.

మర్నాడు పొద్దున నాన్నే వంట చేశాడు. అమ్మ మంచం మీదనుంచి చెబుతుంటే విని, ఆ గిన్నెలోనే చింతపండు చారు పెట్టి, గిన్నె భలే మెరుస్తోందే అని నన్ను మెచ్చుకుని ఆఫీసుకు వెళ్లాడు. నాకు బడి లేదు. మధ్యాహ్నం నేను పెరుగన్నం తిన్నాను. అమ్మకు ఎన్నాళ్లకో నోటికి రుచి తగిలిందంటూ చారన్నం రెండుసార్లు పెట్టించుకుంది. ఆ తర్వాత కాసేపటికే వాంతులు మొదలయ్యాయి. ఒకటి కాదు, రెండు కాదు. చేతులు చల్లబడ్డాయి. మొహం పాలిపోయి పెదవులు కూడా కనబడటం లేదు. నేను అవ్వా అని అరుస్తూ వెనక వాటాకు పరుగెత్తాను.

అవ్వ వచ్చి అమ్మను చూసి, వంటింట్లోకి వెళ్లి మూత తీసింది.

"ఓయమ్మా! గీ గిన్నెల పులుసు పెట్టిండ్రా? లోపల కళాయే లేదు గదా!"

ఆమె తిరిగి చూసేసరికి నా చేతులు వెనక్కి వెళ్లాయి. అవ్వ వచ్చి వాటిని ముందుకు లాగి, చర్మం లేచిన వేళ్లు చూసింది. ఆ వేళ్లను తన పిడికిట్లో మూసేసుకుని, ఆటో పిలవమని కొడుకును కేకేసింది. మలక్‌పేట వైపు దవాఖానకు అమ్మను పట్టుకుని అవ్వ కొడుకూ కోడలూ వెళ్లిపోతే, నేను అవ్వ పక్కన గడప మీద కూర్చున్నాను. అంత భయం మళ్లీ నా జీవితంలో ఎప్పుడూ వేయలేదు. అమ్మను నేనే చంపేశాను అనుకున్నాను. అవ్వ కొంగు పట్టుకుని లాగాను.

"అవ్వా, కళ తప్పితే చచ్చిపోతారా?"

"సచ్చుడేంది బిడ్డా! గట్లెవరు జెప్పిన్రు? కళ తప్పుడంటే మనిషి అలిసిపోయిందని. కడుపునిండ తిని కంటినిండ పంటే మళ్లొస్తది."

నాలుగోనాడు అమ్మ ఇంటికొచ్చింది. కళాయి అరిగిందని, ఎవరూ చూసుకోలేదని అవ్వ అందరికీ చెప్పింది. ఆ వారమే కళాయివాణ్ణి పిలిపించి, వాకిట్లో కొలిమి పెట్టించి, గిన్నె లోపల మళ్లీ ఆ బూడిదరంగు వచ్చేదాకా నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. అమ్మ అద్దంలో మొహం చూసుకుంటూ, ఎంత కళ త... అని మొదలుపెట్టి, అద్దంలో నన్ను చూసి ఆగిపోయింది. దువ్వెన తెమ్మంది.

ఆ తర్వాత అమ్మ నోట ఆ మాట నేను వినలేదు. వెలిసిన చీరను వెలిసిందనేది, దీపాన్ని మసిపట్టిందనేది. ఊతపదం అలా ఎక్కడికి పోయిందో చాలా ఏళ్లు నాకు తట్టనేలేదు. అవ్వ అమ్మకొక్కదానికే చెప్పి ఉంటుంది. గిన్నె సంగతీ, గడప మీద నేనడిగిన సంగతీ. అమ్మ నన్ను అడగలేదు, నేను అమ్మకు చెప్పలేదు. మా ఆయన పోయినప్పుడు వచ్చి, నా మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది. అన్నం తిన్నావా అని మాత్రం అడిగింది.

ఇప్పుడు అవ్వ లేదు, అమ్మ లేదు. ద్రాక్షతోట ఎక్కడుండేదో నేను చూపించబోయినా మూడు కోచింగ్ సెంటర్లు అడ్డమొస్తాయి. కళాయివాడి కేక వినబడి ఎన్నేళ్లయిందో. ఈ కాలం పిల్లలు మనం నలతగా ఉంటే డల్‌గా ఉన్నావంటారు, అదీ ఫోన్లోంచి తలెత్తకుండానే. ఒకప్పుడు ఏ మాట వింటే వణికిపోయానో, ఆ మాట ఎవరైనా నా మొహం చూసి అంటే బాగుండునని ఈ మధ్య అనిపిస్తోంది. అనాలంటే ముందు కాసేపు చూడాలి కదా.