మోచేతిని వస్తాదుకు అప్పగించిన పాపం

ఆ వేళ పొద్దున్నే మా మంగళగిరి వీధిలో మగ్గానికెక్కించే పడుగు నూలు చాపి గంజి పెడుతున్నాం. కింద కారిన గంజిమీద కాలు జారి కుడి మోచేతిమీద పడ్డాను. లేచి కుంచె అందుకోబోతే చెయ్యి నాది కాదన్నట్టు వేలాడింది.

బెజవాడ ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి ఫ్రాక్చర్ అన్నారు. నెల తర్వాత ప్లాస్టర్ విప్పితే మోచెయ్యి వంగినచోటే బిగుసుకుపోయింది. "ఎల్బో జాయింట్ మొండిదయ్యా. మసాజ్ చేయించకు. నర్సమ్మ ఎక్సర్‌సైజులు నేర్పుతుంది, నీ అంతట నువ్వే మెల్లగా కదుపుకో" అన్నాడు డాక్టరు.

మెల్లగానట! మగ్గంమీద నాడెను అటూ ఇటూ పరిగెత్తించే తాడు లాగేది ఆ చేత్తోనే. నేను నేసే మగ్గం షావుకారుది, ఆయన షెడ్డులో ఉంది. ఆయన "ఇంకో నెల చూస్తానయ్యా, తర్వాత మరొకణ్ణి కూర్చోబెడతా" అనేశాడు. నేత తప్ప నాకు మరో పని రాదు. సరిగ్గా అప్పుడే మా బావమరిది ఊడిపడ్డాడు, వాడి నోట్లో మన్ను పడ! "ఆడమనిషి నేర్పితే ఏమొస్తుంది బావా? గవర్నర్‌పేట తాలింఖానాలో వస్తాదున్నాడు. కుర్రాళ్లకి కుస్తీ నేర్పుతాడు. చెయ్యి చూస్తే రోకలే!" అన్నాడు.

నిజంగా రోకలే. వస్తాదు ఆముదం రాసి, నా భుజాన్ని మోకాలితో అదిమిపెట్టి చెయ్యి లాగాడు. నేను గావుకేక పెట్టాను. "అరుపొచ్చిందంటే పట్టు వదులుతున్నట్టే తమ్ముడూ!" అని ఇంకోసారి లాగాడు. నాకైనా సిగ్గుండాలి కదా? రోజు విడిచి రోజు రైలెక్కి పోయి మరీ లాగించుకున్నాను. అది చాలదన్నట్టు ఇంట్లో నా సొంత తెలివొకటి. పడుగు వదులైతే తాడేసి బిగిస్తాం, చెయ్యీ అంతేననుకున్నాను. మణికట్టుకు తాడు కట్టి, వసారా గుంజకు బిగించి గంటసేపు కూర్చునేవాణ్ణి. "అది నూలు కాదయ్యా, చెయ్యి!" అని నా భార్య రత్తమ్మ మొత్తుకుంటే కసిరికొట్టాను.

మూడు వారాలకు మోచెయ్యి వాచి కాలిపోయింది. ఉన్న కాస్త కదలికా పోయింది. డాక్టరు కొత్త ఎక్స్‌రే చూసి బల్ల గుద్దాడు.

"మయోసైటిస్. కండలో ఎముక పెరుగుతోంది. ఎవడయ్యా లాగింది? మసాజ్ వద్దని నీకు తెలుగులోనే చెప్పానే!"

చెయ్యి మెడకు కట్టుకుని ఇంట్లో పడున్నాను. షావుకారు అన్నంత పనీ చేశాడు. నా మగ్గంమీద వేరేవాణ్ణి కూర్చోబెట్టాడు. ఆ షెడ్డు ముందు నుంచి నడవలేక వెనక సందులోంచి తిరిగి పోయేవాణ్ణి.

వాపు తగ్గాక నర్సమ్మ దగ్గరికి వెళ్లాను. యుద్ధంలో దెబ్బతిన్న సిపాయిలకు ఎక్సర్‌సైజులు నేర్పిన మనిషి. ముందు నా చెయ్యి ముట్టుకోలేదు.

"ఏం పని చేస్తారండీ?"

"నేతమ్మా."

కిటికీ ఊచకు గుడ్డపేలిక కట్టి, తాడు ఎలా లాగుతానో చూపించమంది. చూసి, "ఈ పనికి చెయ్యి పూర్తిగా చాచక్కర్లేదండీ. ఇంకో జానెడు కదిలితే చాలు. మీరే కదపాలి. నొప్పి ఎక్కువైతే ఆపెయ్యండి" అంది. ఆ జానెడు రావడానికి ఆరు నెలలు పట్టింది.

ఇప్పుడు వేరే షావుకారు దగ్గర నేస్తున్నాను. చెయ్యి మాత్రం ఇక చాపుగా రాదు. మొన్న గవర్నర్‌పేటలో వస్తాదు ఎదురై, "మగ్గమెక్కావటగా! అంతా మన చేతి చలవే!" అని నలుగురూ వినేట్టు అన్నాడు. చెయ్యి వాడి మొహం ముందు పెట్టాను. "ఈ వంకర నీది. మిగతాది నర్సమ్మది" అన్నాను.

మీకూ ఇలాంటి గతి పడితే ఎదుటివాడి కండలు చూడకండి. మీరు తిరిగి ఏ పనికి వెళ్లాలో అడిగాడా లేదా చూడండి. అడక్కుండా లాగబోతే, రెండో చెయ్యి బాగానే ఉంటుంది కదా, దాంతో ఒక్కటిచ్చుకుని లేచి వచ్చెయ్యండి.