ముందు చిలక్కి పెట్టు

పొద్దున్నే పచ్చిమిరపకాయల తొడిమలు తుంచుతుంటే ఘాటు గోళ్ల సందుల్లోకి దిగుతుంది. నా చిన్న భోజనాల హోటల్లో రోజూ నా మొదటి పని అదే. కుప్పలో ఎక్కడో ఒక కాయ పండి ఎర్రగా ఉంటుంది. నేను అనుకోకముందే నా చెయ్యి దాన్ని ఏరి పొయ్యిగట్టు మీద పెట్టేస్తుంది. ఆ కాయ తినాల్సిన ప్రాణి ఇప్పుడు లేదు. పంజరం వేలాడిన కొక్కేనికి తువ్వాలు ఆరేస్తున్నాను. ఆ సంగతి నా చేతికి మాత్రం ఇంకా ఎక్కలేదు. గట్టు మీద ఆ ఎర్రటి కాయ చూడగానే ఆదెమ్మప్ప గుర్తుకొస్తుంది, ఆ వెనకే ఒళ్లు మండుకొస్తుంది. ఎవరి మీద మంటో చెప్పాలంటే మొదట్నించీ చెప్పాలి.

మా వైపు అక్కని అప్ప అంటాం. ఆదెమ్మ ఎవరికీ సొంత అక్క కాదు గానీ, కోటబొమ్మాళి స్టేషన్ దగ్గర ఆమె హోటల్లో అన్నం తిన్న ప్రతివాడికీ అప్పే. నేను సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని. మా ఆయన గుజరాత్ బోట్ల మీద పనికని వెళ్లి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడని తెలిశాక, పుట్టింట్లో వదినల మాటలు పడలేక ఆమె దగ్గరకి పని వెతుక్కుంటూ వచ్చాను. చెప్పుకోవడానికి నా దగ్గర పెద్ద ఏడుపు కథే ఉంది. ఆమె అది అడగలేదు. నన్ను ఒకసారి పైనించి కిందికి చూసి, నానబెట్టిన శనగల గిన్నె చేతిలో పెట్టి, "ముందు సిలక్కెట్టు. తరవాత మాటాడదాం" అంది. వసారాలో పంజరం, అందులో మెడకి గులాబీ గీత ఉన్న రామచిలక. ముద్దొచ్చి వేలు పెట్టాను. కసుక్కున కొరికింది. వేలి నుంచి రక్తం కారుతుంటే అప్ప వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"కరిసిందా? కరుస్తాది. నన్నూ కరుస్తాది."

"మరెందుకు పెంచుతన్నావప్పా?"

"నానెక్కడ పెంచుతన్నాను. మా ఆయన తెచ్చినాడు. ఆయన పోయినాడు, ఇది మిగిలింది."

ఆ ఆయన రైలు పట్టాల మీద పనిచేసేవాడట. ఏదో గాలివానకి కూలిన తాటిచెట్టు తొర్రలో రెక్కలు రాని పిల్ల దొరికితే జేబులో వేసుకొచ్చాడు. తాగొచ్చి ఆదెమ్మని కొట్టిన చేత్తోనే దానికి జామకాయ కోసి పెట్టేవాడు. పెళ్లాం ఒంటి మీద దెబ్బలు, చిలక మాత్రం ఆయన భుజం మీద. పోయే ముందు ఆమె చెయ్యి పట్టుకుని అడిగింది ఒక్కటే, దాన్ని పస్తు పెట్టొద్దని. ఇంత విన్నాక నేనైతే ఆ పంజరాన్ని తీసుకెళ్లి ఏ రైలు పెట్టెలోనో వదిలేసేదాన్ని. ఆమె దాన్ని ఏనాడూ ముద్దు చెయ్యలేదు, పేరు పెట్టి పిలవలేదు. కానీ రాత్రి నానబోసిన శనగలు పొద్దున కడగకుండా పెట్టనిచ్చేది కాదు. ఉప్పు తగిలిన మెతుకు, నూనె తగిలిన ముక్క పంజరం దరిదాపులకి పోకూడదు. నీళ్ల చిప్ప రోజూ బూడిదతో తోమాలి, ఎండాకాలం పంజరం మీద తడిగోనె కప్పాలి, ముక్కు అరగదీసుకోవడానికి వేపపుల్ల పెట్టాలి. పండుమిరపకాయ దాని వాటా, కూరలో వేస్తే ఊరుకునేది కాదు. అందరూ దానికి మాటలొచ్చా అని అడిగేవారు. ఒక్క ముక్క రాదు. చెవులు చిల్లులు పడేలా అరవడం, కొరకడం, ఈ రెండే వచ్చు.

ఒకసారి బొటనవేలు బాగా చీరేసింది. గిన్నె కింద పడేసి, నాకు దీని మొహం చూడ్డమే ఇష్టం లేదు, ఇంక పెట్టనని చెప్పేశాను. అప్ప గంజి వారుస్తోంది. గిన్నె దించి, చేతులు చీరకి తుడుచుకుని నా ముందుకొచ్చి నిలబడింది. "ఇట్టమున్నోలకే ఎడతావేటి? అలగైతే సంసారం సేసుకో, ఓటలెందుకు? తిండికీ ఇట్టానికీ సంబందం నేదు. ఆకలున్నాదా, నేదా, అదే సూడు" అంది. అప్పటికే బల్ల ముందు కూర్చున్న రైల్వే గుమస్తా ఒకాయన విసుక్కున్నాడు, మనుషులకన్నా చిలక ఎక్కువైపోయిందా అని. అప్ప ఆయన వైపు తిరిగి, "నీకు నచ్చకపోతే ఎదర ఇంకో ఓటలున్నాది బాబూ. సిలక్కేటున్నాది? తలుపు మనమేసినాం" అంది. నేను గింజలు ఏరి గిన్నె నింపాను. ఆ రోజు నాకేదో జ్ఞానం కలిగిందని చెప్పను. ఆమె మీద కోపం మాత్రం సాయంత్రం దాకా తగ్గలేదు.

ఆమెకి పిల్లలు లేరు. తమ్ముడి కొడుకు తవిటయ్యని చిన్నప్పటినించీ ఆ హోటల్ అన్నంతోనే పెంచింది. ముందు చిలక్కి, తర్వాత తవిటయ్యకి, ఆ తర్వాతే ఊళ్లోవాళ్లకి. నేను చేరేనాటికి వాడు ఆటో నడిపేవాడు. తెల్లచొక్కా, జేబులో పెద్ద ఫోను, ఎవరైనా నాయకుడు ఊళ్లోకొస్తే ముందు వరసలో నిలబడటం. మనిషి చెడ్డవాడని ఎవరూ అనరు. నలుగురి ముందు ఎంత పనైనా చేస్తాడు, నలుగురూ వెళ్లిపోయాక మాత్రం వాడు కనిపించడు.

అప్పకి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయినప్పుడు, తవిటయ్య ఆమెని తన ఆటోలోనే ఇంటికి తీసుకెళ్లాడు. మేనల్లుడంటే అలా ఉండాలని వీధి వీధంతా మెచ్చుకుంది. ఇంటి వెనక రేకుల పాకలో మంచం వేసినట్టు ఆ మెచ్చుకున్నవాళ్లలో ఎవరూ చూడలేదు. హోటలూ చిలకా నా చేతిలో ఉన్నాయి. మధ్యాహ్నం బేరం తగ్గాక గిన్నెలో చోడిజావ, అదే రాగిజావ, పోసుకుని వెళ్లేదాన్ని. వాడి పెళ్లాం గుమ్మంలోనే, ఇప్పుడే తినిపించానని చెప్పేది. లోపలికెళ్తే అప్ప పెదాలు ఎండి పగిలి ఉండేవి. వంకరపోయిన నోటితో ఆమె అడిగే మొదటి మాట, "దానికెట్టినావా?" ఒకరోజు నాకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. నీ నోట్లో ఇన్ని నీళ్లు పోసే దిక్కు లేదు, నీకింకా ఆ చిలక గొడవేనా అని అరిచాను. ఆమె కళ్లార్పకుండా నన్నే చూస్తూ మళ్లీ అడిగింది, "ఎట్టినావా?" పెట్టానప్పా అన్నాను. అప్పుడు జావకి నోరు తెరిచింది. అలా ఊరంతటికీ అన్నం పెట్టిన మనిషి, ఆ పాకలో ఎండిన నోటితోనే పోయింది.

పెద్దకర్మ నాడు ఊరి చివర గెడ్డ ఒడ్డున పిండాలు పెట్టారు. గెడ్డలో నీళ్లు మోకాళ్ల లోతు కూడా లేవు. ఎదురుగా తుమ్మచెట్టు మీద కాకులు వాలి ఉన్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకి ఏదో కోరిక మిగిలిపోయిందని మావాళ్ల నమ్మకం. ఆ కోరికేదో ఊహించి, తీరుస్తామని పైకి మాటివ్వాలి. ఒక్కొక్కరే చేతులు జోడించి మొదలుపెట్టారు. ఒకరు ఆమె ఫోటోకి ఫ్రేము కట్టిస్తామన్నారు, ఒకరు సింహాచలం వెళ్లి మొక్కు తీరుస్తామన్నారు. కాకులు కదల్లేదు. ఎండ నెత్తికెక్కింది. అవతల భోజనాలు చల్లారిపోతున్నాయని అందరి కళ్లూ అటే ఉన్నాయి. చివరికి ఒక ముసలామె, "దాని పేనమంతా ఆ సిలక మీదే కదా" అంది. తవిటయ్య ముందుకొచ్చి, గెడ్డ అవతలికి వినపడేంత గొంతుతో, "అత్తా, నీ సిలకని నా బిడ్డలాగ సూసుకుంతాను. ముందు దానికెట్టినాకే నాను తింతాను" అన్నాడు. ఒక కాకి దిగింది. పిండం పొడిచింది. అందరూ హమ్మయ్య అనుకుని భోజనాలకి లేచారు. కాకి నమ్మేసింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నేనూ నమ్మాను.

నెల తిరక్కుండానే తవిటయ్య హోటల్ మూసి ఆ గది సెల్‌ఫోన్ల దుకాణానికి ఇచ్చేశాడు. ఊరంతా కొత్త సిమ్ముల కోసం ఎగబడుతున్న రోజులవి. నేను లెవెల్ క్రాసింగ్ అవతల రేకుల షెడ్డు వేసుకుని నా సొంత వంట మొదలుపెట్టాను. చిలకని వాడే పట్టుకెళ్లాడు, నలుగురూ విన్న మాట కదా. నేను పండుమిరపకాయలు పట్టుకుని చూడ్డానికి వెళ్తే పంజరంలో ఎండిపోయిన బిర్యానీ మెతుకులు, నీళ్ల చిప్పలో నాచు. చిలక అరవలేదు. నా వేలు దగ్గరకి పెట్టినా కొరకలేదు. అది కొరకనందుకు నాకు భయమేసింది. నాకిచ్చెయ్ తవిటయ్యా అని బతిమాలాను. "నలుగురిలో మాటిచ్చినాను, నీకెలాగిత్తాను? ఇత్తే నా పరువేటవుతాది?" అన్నాడు. పస్తు పెట్టడంలో పోని పరువు, ఇవ్వడంలో పోతుందట.

కొద్దిరోజులకి ఎవరో చెప్పారట, రామచిలకని పంజరంలో ఉంచితే ఫారెస్టువాళ్లు కేసు పెడతారని. వాడికి కావలసిన దారి దొరికింది. స్నేహితుల్ని పిలిచి, మేడ మీద పంజరం తలుపు తీసి, అత్త పేరు మీద చిలకకి విముక్తి అని ఫోన్లో వీడియో తీయించుకున్నాడు. ఆ వీడియో నేనూ చూశాను. పుట్టినప్పటినించీ ఎగరని పక్షి, పిట్టగోడ మీద నిలబడి పంజరం వైపే తిరుగుతుంది. ఎవరో చెయ్యి విదిలిస్తారు, అది కిందికి రాలుతుంది, అక్కడితో వీడియో ఐపోతుంది. ఆ తర్వాత జరిగింది పక్కింటావిడ చెప్పింది. కాకులు చుట్టుముట్టి పొడిచాయి. ఆవిడ చీపురుతో తరిమి, కొంగులో చుట్టి నా దగ్గరికి తెచ్చింది. ఒక కన్ను పోయింది, ఒక రెక్క వేలాడుతోంది, పైముక్కు చివర విరిగింది.

బతకదన్నారు అందరూ. పసుపు అద్దాను, అట్టపెట్టెలో పాతచీర పరిచాను, గంజి చుక్కలు దూదితో నోట్లో వేశాను. శనగలు తొక్క తీసి వేళ్లతో నలిపి, మెత్తగా చేసి అందించాను. ప్రేమతో చేశానని ఎవరైనా అంటే ఒప్పుకోను. తలుపు మనమేసినాం అన్న అప్ప మాట చెవిలో గింగురుమంటుంటే చేశాను. ఒకనాటి పొద్దున పెట్టెలో చెయ్యి పెట్టగానే అది నన్ను కొరికింది. విరిగిన ముక్కుతో, ఉన్న కాస్త బలంతో. నేను ఆ పొయ్యి దగ్గరే కూలబడి, అప్ప పోయినప్పుడు కూడా రాని ఏడుపు ఏడ్చాను.

మనుషుల రోజులు ఎంతలో మారతాయో. తవిటయ్య తాగుడులో పడ్డాడు, ఆటో పోయింది, పెళ్లాం పిల్లల్ని తీసుకుని పాతపట్నంలో పుట్టింటికి వెళ్లిపోయింది. ఒక మధ్యాహ్నం వాడు నా షెడ్డులోకి వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. మాసిన తెల్లచొక్కా. వెళ్లిపొమ్మనడానికి నోరు తెరిచాను. ఈలోపు వాడే పైన కొక్కేనికి నేను కొత్తగా వేలాడదీసిన పంజరం చూసి, "సిలకని పెంచుతన్నావేటి పైడమ్మా? మా యత్తకీ ఉండీది. నానే వదిలీసినాను. ఏ కొండల్లోనో సుకంగా ఉంటాది" అన్నాడు. పంజరంలోంచి అది మిగిలిన ఒంటికన్నుతో వాడినే చూస్తోంది. వాడు అబద్ధం ఆడటం లేదు. వాడికి నిజంగానే తెలియదు. అంత అన్యాయం చేసినవాడికి దాని మొహం కూడా గుర్తులేదు చూడండి.

"ఆకలేస్తన్నాది పైడమ్మా, బేగి ఎట్టు" అన్నాడు.

"ఉండు. ముందు సిలక్కెట్టాలి" అన్నాను.

శనగలు ఒక్కొక్కటే తొక్క తీశాను. నలిపాను. పండుమిరపకాయ చీల్చి గింజలు దాని నోటికి అందించాను. ఎంత నిదానంగా చెయ్యగలనో అంత నిదానంగా చేశాను. చిన్నప్పటినించీ ఆ మాట విని, ఆ వరసలోనే అన్నం తిన్నవాడు. వాడి చూపు చిలక రెక్క మీదికి, కంటి మీదికి, నా మీదికి వచ్చి ఆగింది. తల దించుకున్నాడు. అప్పుడు వాడి ముందు ఆకు వేసి అన్నం, చేపల పులుసు పోశాను. వాడు తిన్నాడు, మారు కూడా అడిగాడు. సిగ్గుతో ఇంక రాడనుకున్నాను. మర్నాడూ వచ్చాడు.

చిలక ఆ తర్వాత ఒక ఎండాకాలం తడిగోనె కిందే కన్నుమూసింది. ముందురోజు దాకా కొరుకుతూనే ఉంది. దాన్ని షెడ్డు వెనక నేనే పాతిపెట్టాను, తవిటయ్యకి చెప్పలేదు. కొక్కేనికి తువ్వాలు చూసి వాడూ అడగలేదు. ఇప్పటికీ వస్తాడు. వాడి మొహం చూడ్డమే నాకు ఇష్టం లేదు. ఒక్కోసారి ఆదెమ్మప్ప మీదే కోపం వస్తుంది. హోటల్ వాడికి పోయింది, గది వాడికి పోయింది, నాకు మాత్రం ఈ మాట ఒకటి తగిలించి పోయింది, ఆకలున్నాదా నేదా అదే సూడమని. చూస్తున్నాను. వాడికి ఆకలుంటుంది. అన్నం పెడతాను, పులుసు పోస్తాను, నంజుకోవడానికి మిరపకాయ అడిగితే పచ్చిది వేస్తాను. గట్టు మీదున్న ఎర్రటి కాయ మాత్రం వాడికి వెయ్యను.